పాలు పొంగింది మా ఇంట్లో, కదిలింది ఆఫీసు

చెన్నైకి కొత్తగా ఉద్యోగానికొచ్చిన పిల్లోళ్లు, టీకొట్టు దగ్గర నేను తెలుగు మాట్లాడతా ఉంటే విని, పక్కకొచ్చి నిలబడి అడుగుతా ఉంటారు. "అంకుల్, మా ఆఫీసు ఇప్పుడు ఫలానా చోట ఉంది. ఇంకో ఏడాదికి మారుస్తారంట. ఇల్లు ఎక్కడ తీసుకుంటే మంచిది?" వాళ్లకు టీ ఇప్పిస్తా. బిస్కెట్టు కూడా ఇప్పిస్తా. ఇల్లు యాడ తీసుకోవాలో మాత్రం చెప్పను. ముసలోడికి పొగరు అనుకుంటారు కొందరు. అనుకోనీ. ఒకసారి నేను నోరు తెరిచి ఒక్క మాట కూడా చెప్పకుండానే సగం ఆఫీసు ఇళ్లు మారిపోయింది. నోరు తెరిచి చెప్తే ఏమవుతుందో నాకే భయం.

రిటైరయ్యే ముందు నేను పనిచేసింది ఓడల్లో వచ్చే సరుకుకు కాగితాలు తయారుచేసే కంపెనీలో. ఆ కాగితాల పని నాది కాదు, అది చదువుకున్నోళ్ల పని. నాది ఆఫీసు బస్సుల పని. ఏ బస్సు ఏ పక్క నుంచి రావాల, ఎవరు యాడ ఎక్కాల, "రెండు నిమిషాలు సార్, చెప్పులేసుకుంటా ఉన్నా" అని ఫోన్ చేసినోళ్ల కోసం ఎంతసేపు ఆపాల, ఇదంతా నేనే చూసుకునేవాణ్ణి. చూసేదానికి చిన్న పనే. కానీ పొద్దున పూట ఆడోళ్లూ మొగోళ్లూ అందరూ మేనేజరు మొహం కన్నా ముందు నా మొహం చూసేవాళ్లు. తిట్టేది కూడా ముందు నన్నే.

మా ఆఫీసు అప్పట్లో సౌకార్‌పేట పక్కన ఒక సందులో ఉండేది. సందు అని మర్యాదకు అంటా ఉన్నా. బస్సు దాంట్లోకి రాదు. మెయిన్ రోడ్డు మీద దిగి, మూటలు మోసేవాళ్లకు దారిచ్చి, తోపుడుబళ్ల నడుమ ఒళ్లు సన్నం చేసుకుని, లాప్‌టాప్ సంచీ గుండెలకు హత్తుకుని నడిచి రావాల. వాన పడితే ఆటో. ఆటోవాడు ఆ సందు పేరు వింటే చాలు, మనల్ని కాకుండా ఆకాశాన్ని చూసి మాట్లాడేవాడు. అయినా అందరికీ ఆ చోటు అలవాటైపోయింది. ఉత్తరం నుంచి వచ్చేవాళ్లకూ దక్షిణం నుంచి వచ్చేవాళ్లకూ అది సరిగ్గా నడిమధ్యలో ఉండేది. అందరికీ సమానంగా దూరం కాబట్టి ఎవరికీ ఎవరి మీదా కుళ్లు లేదు.

ఒక వేసవిలో బిల్డింగు ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు. పడగొట్టి కొత్తది కడతాడంట. కంపెనీ రెండు చోట్లు చూసింది. ఒకటి దక్షిణాన, ఐటీ కంపెనీలుండే ఆ పొడుగు రోడ్డులో, అద్దాల బిల్డింగు. ఇంకొకటి ఉత్తరాన మాధవరం దాటినాక రింగు రోడ్డు పక్కన, కంటైనర్ గోడౌన్ల వరసలో. ఈ కొస నుంచి ఆ కొసకు పొద్దున పూట పోవాలంటే, ఆ మెట్రో గుంతల మధ్య, మనిషికి జీవితం మీద విరక్తి పుడుతుంది. రెండు చోట్లన్న సంగతి ప్యూనుతో సహా అందరికీ తెలుసు. ఆ రెంటిలో ఏదో మాత్రం దేవుడికే తెలియాల. నోటీసు బోర్డులో "నూతన కార్యాలయ స్థలం త్వరలో తెలియజేయబడును" అని అంటించినారు. ఆ "త్వరలో" ఎండకు రంగు మారింది గానీ స్థలం తెలియలేదు.

ఆఫీసు తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. మనుషులకు ఆ తీరిక ఏది? అది స్కూళ్లు తెరిచే నెల. ఇల్లు యాడో తేలితే గానీ పిల్లల స్కూలు తేలదు, ఆఫీసు యాడో తేలితే గానీ ఇల్లు తేలదు. దానికి తోడు చెన్నైలో తెలుగోళ్లకు మాత్రమే ఉండే ఒక అవస్థ ఉండాది. మనకు ఆషాఢం వస్తే కొత్త ఇంట్లో పాలు పొంగించం. అది అయిపోతా ఉండగానే అరవం వాళ్లకు ఆడి మాసం వచ్చేస్తుంది. మనకు శ్రావణం వచ్చిందిలే, చేరదామని పోతే, ఇంటి ఓనరమ్మ "ఆడి పోనీ, ఆవణిలో రండి" అంటుంది. రెండు పంచాంగాలూ కలిసి దాదాపు రెండు నెలలు మనల్ని వీధిలో నిలబెడతాయి. దీనికి మనోళ్లు కనిపెట్టిన ఉపాయం ఏందంటే, ఆషాఢం రాకముందే మంచిరోజు చూసి ఖాళీ ఇంట్లో పాలు పొంగించేసి, ఒక చాప, ఒక బిందె పెట్టి తాళమేసుకుని వచ్చేసేది. దేవుడి లెక్కలో ఇంట్లో చేరిపోయినట్టే. సామాను ఎప్పుడు తోలుకున్నా అడిగేవాడు లేడు.

అంటే ఆషాఢం వచ్చేలోపల అందరూ యాడో ఒకచోట పాలు పొంగించాల. యాడ పొంగించాలో కంపెనీ చెప్పదు. అప్పుడు అందరి కళ్లూ నా మీద పడినాయి.

"బస్సులాయనకు తెలియకుండా ఉంటుందా?" ఇదీ వాళ్ల లాజిక్కు. రూట్లు మార్చాలంటే ముందు నాకే గదా చెప్పాల అని. నిజానికి నేను మేనేజరు గారిని అడిగితే, "స్టాఫు ఎక్కడెక్కడ ఉంటారో తెలిస్తే గదా రూట్లు వేసేది" అన్నాడు. స్టాఫును అడిగితే, "రూట్లు తెలిస్తే గదా ఇల్లు తీసుకునేది" అన్నారు. నేను నడుమ నిలబడి ఇద్దరికీ తల ఊపినా.

మా ఆఫీసులో ఒక గుంటూరు అబ్బాయి ఉండేవాడు. పని దివ్యంగా చేస్తాడు, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. రోజూ క్యాంటీన్‌లో నా పక్కన చేరి, తన వడ నా ప్లేట్లో పెట్టి, "బాబాయ్, ఎవరికీ చెప్పనండీ, ఒట్టు. ఉత్తరమా దక్షిణమా, ఒక్క మాట. నోటితో వద్దు, కళ్లతో చెప్పండి చాలు" అనేవాడు.

"నాకు తెలీదబ్బాయా. మా అమ్మ తోడు, తెలీదు."

"అర్థమైంది బాబాయ్. మీ పొజిషన్ అలాంటిది."

మధ్యాహ్నానికల్లా ఆఫీసంతా పాకేది: బాబాయ్‌కి తెలుసంట, చెప్పొద్దని పైనుంచి ఆర్డరంట. నేను తెలీదని నెత్తీ నోరూ కొట్టుకునే కొద్దీ నాకు తెలుసన్న మాట పెద్దదైపోతా వచ్చింది. ఆఖరికి నేను తుమ్మినా దక్షిణం వైపు తుమ్మినానా ఉత్తరం వైపా అని చూసేకాడికి వచ్చింది.

వీళ్లందరిలో నాకు నిజంగా మనసులో ముల్లులా ఉండింది ఒక్క వరంగల్ అమ్మాయి సంగతి. ఆ అమ్మాయి మొగుడు ఉత్తరాన, ఆంధ్రా పోయే రోడ్డులో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆడనే నలుగురు మొగోళ్లతో కలిసి ఒక గదిలో ఉంటాడు. ఈమె ఊరికి దక్షిణాన ఆడోళ్ల హాస్టల్లో. ఒక్కటే కూతురు, అది వరంగల్లో ఈమె అక్క దగ్గర. ముగ్గురు మనుషులు, మూడు పొయ్యిల మీద తిండి. ఆ ఏడాది పాప ఒకటో క్లాసుకు రావాల. ఏమైనా సరే ఈసారి పాపను తెచ్చుకుని ఒక ఇంట్లో ఉండాలని ఆ పిల్ల పట్టుదల. ఆఫీసు ఉత్తరానికి వస్తే ముగ్గురికీ ఒకే ఇల్లు సరిపోతుంది. దక్షిణానికి పోతే ఇద్దరిలో ఒకరు ఉద్యోగం వదలాల.

ఒకరోజు బస్సులో నా వెనక సీట్లో కూర్చుని మెల్లగా చెప్పింది. "మా ఆయన మంచోడే సార్. నువ్వు మానెయ్ అని ఒక్కనాడు అనలే. అంటే నేను కొట్లాడేదాన్నేమో. అడిగే పనే లేదన్నట్టు ఉన్నరు అందరు. మా అత్తమ్మ ఫోన్ల 'నువ్వు ఇంటికాడ ఉంటవు గద, పాపకు మంచిగ అయితది' అన్నది. ఎవరు ఎప్పుడు అనుకున్నరో నాకు తెల్వదు."

ఆ పిల్ల మా ఆఫీసులో తప్పులు పట్టడంలో మొనగత్తె. కస్టమ్స్ వాళ్లు కాగితం వెనక్కి పంపినారంటే, ఈమె చెయ్యి పడని కాగితమే అయ్యుండాల. అట్టాంటి పిల్ల ఇంట్లో కూర్చుని పప్పు పోపు పెడతా ఉంటుందా అని నాకు కడుపు రగిలింది. రగిలితే ఏం చేసేది? బస్సుల మనిషిని.

ఇక నా సొంత భాగోతం. మేముండేది వ్యాసర్పాడిలో, రైలు పట్టాల అవతల ఒక పోర్షన్లో, బాడుగకు. వాన కురిస్తే ఇంట్లోకి నీళ్లొచ్చేవి, మేము మంచాలెక్కేవాళ్లం. ఇన్నేళ్లూ ఆ నీళ్లను చూసీచూడనట్టున్న ఓనరు కొడుకు, అదే ఏడాది మమ్మల్ని కూడా ఖాళీ చెయ్యమన్నాడు. నాకు రిటైరుమెంటు దగ్గర్లోనే ఉండాది, ఆఫీసు యాడికి పోతే నాకేంది, బస్సు నాది. కాబట్టి ఇల్లు యాడ అన్నది మా ఇంట్లో ఒక్క నిమిషంలో తేలిపోయింది.

"మాధవరం," అనింది నా భార్య.

"ఎందుకు?"

"మా అక్క ఆడ ఉండాది."

"అది కాదమే, నీళ్లు, బస్సులు, అంగళ్లు అన్నీ చూసుకుని..."

"అవన్నీ మా అక్క చూసుకునే గదా ఆడ ఉండేది. సరి, చుమ్మా ఊరికే నన్ను సతాయించబాక."

అట్టా మా వదిన ఉండే పాల కాలనీ పక్క వీధిలో ఇల్లు కుదిరింది. ఆషాఢం ఇంక నాలుగు రోజుల్లో అనగా, ఒక ఆదివారం పొద్దున ఆ ఇంట్లో పాలు పొంగించినాం. అది మామూలు గిన్నె, మామూలు పాలు. మా ఆమె ఆ పొంగే గిన్నెను ఫోన్లో ఫొటో తీసి "మాధవరం కొత్త ఇంట్లో" అని రాసి వాట్సాప్ స్టేటస్ పెట్టింది. ఆమె ఫోన్లో మా ఆఫీసు వాళ్ల నంబర్లు సగం ఉండాయి. పండగలకు పొంగలి, పులిహోర చేసి బస్సుకు పంపడం, వాళ్లు థాంక్స్ చెప్పడం, అట్టా చేరినాయి ఆ నంబర్లు. నాకీ సంగతే తెలీదు.

సోమవారం బస్సెక్కితే లోపల పెళ్లివారిల్లు. అందరూ నన్ను చూసి ముసిముసిగా నవ్వుతా ఉండారు. గుంటూరు అబ్బాయి లేచి నిలబడి నాకు చెయ్యిచ్చినాడు.

"థాంక్స్ బాబాయ్. నోటితో చెప్పకుండా ఎంత బాగా చెప్పారండీ!"

"ఏం చెప్పినా నేను?"

"ఇంకా ఏంటి బాబాయ్, పాలు కూడా పొంగించేశారుగా మాధవరంలో!"

నాకు తలప్రాణం తోకకొచ్చింది. "ఒరే నాయనా, అది మా వదిన కోసరం! మా ఆవిడ అక్క ఆడ ఉండాది!" అని అరిచినా. బస్సంతా గొల్లున నవ్వింది. "వదిన" అన్న మాట ఆ వారమంతా ఆఫీసులో రహస్య భాష అయిపోయింది. "వదిన దగ్గరికేనా?" "ఆఁ, వదిన దగ్గరికే." కంపెనీ ముద్ర వేసి అంటించిన నోటీసును ఒక్కరూ నమ్మలేదు గానీ, మా ఆవిడ పాలగిన్నెను నమ్మని వాళ్లు లేరు. ఆ నాలుగు రోజుల్లో మాధవరంలో ఇళ్ల బ్రోకర్లకు దీపావళి. తెలుగు వాళ్లు పోతా ఉండారని అరవం వాళ్లు, అరవం వాళ్లు పోతా ఉండారని మలయాళం వాళ్లు. ఏ వీధిలో చూసినా మా ఆఫీసోళ్లే గిన్నెలు పట్టుకుని తిరుగుతా ఉండారు.

వరంగల్ అమ్మాయిని పక్కకు పిలిచి గట్టిగానే చెప్పినా. "అమ్మా, వాళ్లంటే ఏదో అంటారు. నువ్వు నా మాట విను. నిజంగా నాకు తెలీదు. ఆ పాలను చూసుకుని నువ్వు ఇల్లు తీసుకోబాక. రేపు ఆఫీసు దక్షిణానికి పోతే ఏమైపోతావు?"

"మీరు గట్లనే అంటరు సార్," అని నవ్వింది. "తెల్సినోళ్లు తెల్సని ఎన్నడన్న చెప్తరా?"

"నువ్వు కూడానా తల్లీ! కాగితంలో తప్పు దొరికితే ఓడనే ఆపేస్తావే, ఈడ గిన్నెడు పాలు చూసి నమ్ముతావా?"

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. "నమ్మకపోతే ఏం జెయ్యాలె చెప్పుండ్రి," అనింది.

ఆషాఢం వచ్చింది, ఆడి వచ్చింది. కంపెనీ నోరు మెదపలేదు. ఎందుకో తర్వాత తెలిసింది. మా ముదలాళి, అదే కంపెనీ ఓనరు గారింట్లో ఆడి మాసంలో కొత్త కాగితం మీద సంతకం చెయ్యరంట. ఓడల్నీ విమానాల్నీ కంప్యూటర్లో నడిపే కంపెనీ, నెల మారేదాకా కాళ్లు చాపుకుని కూర్చుంది. ఈలోపల చాలామంది మాధవరం చేరిపోయినారు. వరంగల్ అమ్మాయి పాపను తెచ్చేసుకుంది. స్కూల్లో సీటు దొరికిందని స్వీటు డబ్బా పట్టుకుని నా సీటు దగ్గరికొచ్చింది. పాప ఫొటో చూపించింది. యూనిఫాం రెండు సైజులు పెద్దది, రెండేళ్లు రావాలని కుట్టించినారు.

"సార్, ఒక్కటి చెప్తా. ఆఫీసు గిన దక్షిణానికి పోతే నేను మానేస్త. పాపను మళ్ల వరంగల్‌కు పంపియ్యను. ఆయన పని పోగొట్టుకోడు, పోగొట్టుకొమ్మని నేను అనలేను. రాజీనామా కాయితం రాసే పెట్టుకున్న," అనింది. ఏడుస్తా చెప్పలేదు. మామూలుగా, రేపు సెలవు కావాల సార్ అన్నట్టు చెప్పింది.

ఆడి అయిపోయిన మర్నాడు మేనేజరు గారు నన్ను పిలిచినారు. ఆయన అరవం ఆయన, నాకన్నా చిన్నవాడు, మాట మెత్తన. తలుపు వేసి కూర్చోమన్నాడు. ఆ రూములో నన్ను కూర్చోమనింది అదే మొదటిసారి. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"సార్, మీ దగ్గర దాచేదేం లేదు," అన్నాడు. "ముదలాళి గారికి దక్షిణం బిల్డింగే ఇష్టం. వచ్చినవాళ్లకు చూపించుకోను బాగుంటుంది. కానీ ఆఫీసు మారిస్తే స్టాఫు మానేస్తారని ఆయనకు భయం. దక్షిణానికి పోతే బస్సులు రెట్టింపు చేస్తాం. మీకు ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ అని పోస్టు. రిటైరైనా ఇంకో మూడేళ్లు ఉంచుకుంటాం. రూము కూడా ఇస్తాం."

రూము! నలభై ఏళ్ల సర్వీసులో నాకు సొంతంగా ఇచ్చింది ఒక గొడుగు.

"అయితే ఒక్క సంగతి అర్థం కాలేదు," అన్నాడాయన. "మనోళ్లు ఎందుకు ఇంతమంది మాధవరంలో ఇళ్లు తీసుకున్నారు? మేము ఏమీ చెప్పలేదే. ఎవరైనా పుకారు లేపినారా? పుకారు విని పోయుంటే అది లెక్కలోకి రాదు, వాళ్లే మళ్లీ మారతారు. లేదు, వాళ్లకై వాళ్లు ఇష్టపడి పోయినారంటే మాత్రం ముదలాళి గారు ఆలోచిస్తారు. మీకు తెలియకుండా ఉండదు. చెప్పండి."

చూసినారా! ఇన్ని నెలలు తెలీదు తెలీదంటే ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు నిజంగా తెలిసింది ఒక్కటుంది, దాన్ని చెప్తే నాకు పోస్టు, రూము, మూడేళ్లు. చెప్పాల్సిందల్లా నిజమే. "సార్, అదంతా మా ఆవిడ పాలగిన్నె వల్ల జరిగిన గందరగోళం సార్" అంటే సరిపోయె. ఆయన పడీపడీ నవ్వేవాడు, నేను కూడా నవ్వేవాణ్ణి, ఆఫీసు దక్షిణానికి పోయేది. ఉత్తరానికి పోతే సంగతేందో కూడా నాకు అప్పుడే అర్థమైంది. జనమంతా ఆఫీసు చుట్టూతా ఉంటారు, నడిచొస్తారు, స్కూటర్లేసుకుని వస్తారు. బస్సులెందుకు? బస్సులు లేకపోతే నేనెందుకు?

మనిషి అన్నాక ఆశ ఉంటుంది, లేదని చెప్తే అబద్ధం. ఆ రూముకు కిటికీ ఉంటుందా అని కూడా ఒక క్షణం ఆలోచించినా. కానీ ఆ రెండు సైజులు పెద్ద యూనిఫాం కళ్ల ముందరి నుంచి పోలేదు.

"పుకారేం లేదు సార్," అన్నా. "ఆడ నీళ్లు బాగుంటాయి. స్కూళ్లు ఉండాయి. బస్ స్టాండు పక్కనే, ఊర్లకు పోను వీలు. వాళ్లకై వాళ్లే చూసుకుని పోయినారు."

"ఎవరూ చెప్పకుండానే?"

"ఎవరూ చెప్పకుండానే సార్."

ఒక్క రకంగా అదీ నిజమే. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు గదా.

పది రోజుల్లో ఉత్తరం అని ప్రకటించినారు. ముదలాళి గారు సౌకార్‌పేట ఆఫీసు హాల్లో అందరినీ నిలబెట్టి మాట్లాడినారు. సిబ్బంది మనసెరిగి నడిచే సంస్థ మాది అన్నారు. ఎక్కడ పనిచెయ్యాలో మా పిల్లలే నిర్ణయించుకున్నారు, నేను తల వంచాను అన్నారు. చప్పట్లు మోగిపోయినాయి. మా వదిన మాధవరంలో ఆ టైముకు చీరలు ఉతుక్కుంటా ఉండుంటుంది. ఒక కంపెనీ తన మూలాన ఊరి ఆ కొసకు కదలతా ఉండాదని ఆమెకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే ఇంక మమ్మల్ని బతకనియ్యదు.

గుంటూరు అబ్బాయి నా చెవిలో, "కానీ బాబాయ్, అంత ముందుగా మీకెలా లీకైందండీ?" అన్నాడు. వాడి కాలు తొక్కినా.

కొత్త ఆఫీసుకు చేరిన మొదటి రోజు వరంగల్ అమ్మాయి నడిచొచ్చింది. స్కూలు ఆ దారిలోనే. పాపను గేటు దగ్గర వదిలి, మధ్యాహ్నం డబ్బా చేతిలో పట్టుకుని వస్తా ఉంటే, నేను ఖాళీ బస్సు పక్కన నిలబడి ఉన్నా. దగ్గరికొచ్చి, "మీ మీద కోపముంది సార్ నాకు," అనింది. "ముందే తెల్సి కూడ ఒక్క మాట చెప్పకపోతిరి. ఎన్ని దినాలు నిద్ర లేదో ఎరుకేనా మీకు?" నవ్వతానే అనింది గానీ, కోపం కూడా నిజమే. పడినా. ఏం చేస్తాం. ఆ కాగితం చించేసినావా అని అడిగినా. ఎప్పుడో పారేసిన అనింది. అంతకన్నా ఏం కావాల.

రెండు నెలలు బస్సులు గాలిని మోసినాయి. తర్వాత మేనేజరు గారు మళ్లీ పిలిచినారు. ఈసారి కూర్చోమనలేదు. బస్సుల కాంట్రాక్టు ఆపేస్తా ఉండాం, మీకు ఉన్న ఆ కొంచెం సర్వీసూ కలిపి లెక్క చేసి ఇప్పిస్తాను, గౌరవంగా పంపిస్తాం అన్నాడు. గౌరవంగానే పంపినారు. శాలువా కప్పినారు. చెన్నైలో ఆ ఎండలో ఉన్ని శాలువా.

మధ్యాహ్నం అన్నం టైముకే ఇంటికి వచ్చేసిన నన్ను చూసి మా ఆమె బిత్తరపోయింది. "ఏమయ్యా, ఒళ్లు బాగలేదా?" అనింది. శాలువా చూసినాక అర్థమైంది. అన్నం పెట్టింది. తింటా ఉండగా నాకు ఎందుకో అంతా చెప్పేద్దామనిపించింది. పాల ఫొటో, మేనేజరు రూము, ఆ పోస్టు, నేను చెప్పింది, చెప్పనిది, ఆ వరంగల్ పిల్ల సంగతి, ఆ పిల్లను మానెయ్ అని కూడా ఎవరూ అడగలేదని, అడిగే పనే లేదన్నట్టు ఉన్నారని, అన్నీ. మూడేళ్ల జీతం పోగొట్టుకుని వచ్చినందుకు తిడుతుందనుకున్నా. తిడితే పడదామని సిద్ధంగానే ఉన్నా.

ఆమె తిట్టలేదు. చారు గరిటె గిన్నెలోనే పెట్టేసి, నా ఎదురుగా కింద కూర్చుంది.

"మంచి పనే చేసినావు," అనింది. మళ్లీ తనే, "నాకు మన పెళ్లినాటికి తాంబరంలో పని ఉండె. జ్ఞాపకం ఉండాదా?"

"కుట్టుపని గదా," అన్నా.

"కుట్టుపని కాదు. చొక్కాలు ఫారిన్‌కు పంపే కంపెనీ. నేను లైను సూపర్వైజర్ని. నీ ఆఫీసు సౌకార్‌పేటలో, మనకు ఇల్లు వ్యాసర్పాడిలో కుదిరింది. ఆడ నుంచి తాంబరం పోలేను గదా, మానేసినా." ఆ మాటలో కోపం ఏమీ లేదు. "నన్ను ఎవురూ మానెయ్ అనలే. నువ్వూ అనలే. మా నాయనా అనలే."

నేను ముద్ద కలపతా ఆగిపోయినా. ముప్పై ఏళ్ల పైన ఒకే ఇంట్లో ఉండాం. ఏ బస్సులో ఎవరు యాడ ఎక్కుతారో నిద్రలో అడిగినా చెప్పేవాణ్ణి. ఆమె తాంబరానికి ఏ బస్సులో పొయ్యేదో నాకు తెలీదు.

"ఆ పని నీకు ఇష్టమా?" అన్నా.

"ఇప్పుడా అడిగేది?" అని నవ్వింది. నవ్వి ఊరుకుంటుందనుకున్నా. ఊరుకోలేదు. కాలరు కుట్టే మిషను దగ్గర కూర్చునే ఒక మూగ అమ్మాయి గురించి చెప్పింది. రైలు తప్పిన రోజు అందరూ కలిసి పట్టాల వెంబడి నడిచిపోయింది చెప్పింది. చొక్కాలు వెనక్కి వచ్చినప్పుడు తప్పు ఏ లైనుదో తను ఒక్క చూపులో ఎట్టా పట్టేసేదో చెప్పింది. మానేసే రోజు వాళ్లందరూ ఏడ్చినారంట. పొద్దు కుంకే దాకా చెప్తానే ఉండింది, ఒక్కొక్కరినీ పేరు పెట్టి. వాళ్లలో ఒక్కరి పేరు కూడా నేను అంతకుముందు విన్లేదు.